అన్నయ్యకీ నాకూ పని నేర్పిన సారు

మా సారు పోయారన్న కబురు నాకు క్లాసు మధ్యలో తెలిసింది. మైలవరం దగ్గర నేను పనిచేసే ఐటీఐలో పిల్లలకి మోటారు స్టార్టరు విప్పి చూపిస్తున్నాను. ఫోను ఆగకుండా మోగుతుంటే తీశాను. అవతల సారు వాళ్ళమ్మాయి.

"అక్కా, నాన్న పొద్దున పోయారు. కాఫీ తాగి పేపరు చూస్తూ కూర్చున్నారు. అంతే," అంది.

ఫోను పెట్టేసి, విప్పిన స్టార్టరును పిల్లల చేత మళ్ళీ బిగింపించి, వర్క్‌షాపుకి తాళం వేసి విజయవాడ బస్సెక్కాను. పని సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోవడం సారుకి నచ్చేది కాదు. దారిలోనే, పామర్రు దగ్గరున్న మా ఊరికి ఫోను చేసి నాన్నకి చెప్పాను. నాన్న "వస్తున్నా" అని మాత్రం అన్నాడు.

ఆయన మొదట మా అన్నయ్యకి సారు. నాన్నకి కొద్దిపాటి వరిపొలం ఉండేది. అన్నయ్య పదో తరగతి అవగానే విజయవాడ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చాడంటే వాడి నోట సారు మాటే. సారు ఇలా అన్నారు, సారు అలా చేశారు అని అన్నం తింటున్నంతసేపూ చెప్పేవాడు. "ఇంతకీ మీ సారు అన్నం తింటారా, కరెంటే తింటారా?" అని అమ్మ నవ్వేది. చదువు పూర్తయ్యేలోగా మా ఇంట్లో పాత స్విచ్చి బోర్డు ఒక్కటి మిగల్లేదు. ఇరుగుపొరుగు వాళ్ళ ఇళ్ళలోనూ వాడే మార్చాడు.

మా వైపు అప్పటికే చాలా చేలు రొయ్యల చెరువులైపోయాయి. నీటికి గాలి అందించే చక్రాలు ఆ చెరువుల్లో ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. అవి ఎక్కువసేపు ఆగితే రొయ్య చచ్చి తేలుతుంది. ఆ చక్రాల మోటార్లు బాగుచేసే పని అన్నయ్యకి చేతినిండా దొరికింది. ఒక మధ్యాహ్నం అలాంటి మోటారు చూడటానికి గట్టు మీది షెడ్డులో స్విచ్చి ఆపి, నీళ్ళలోకి దిగాడు. అవతలి గట్టున ఉన్న కాపలా మనిషికి ఆ సంగతి తెలియదు. చక్రాలు ఆగిపోయి ఉండటం చూసి, రొయ్య పోతుందేమోనన్న కంగారులో పరుగెత్తుకెళ్ళి స్విచ్చి వేశాడు.

ఎవరినని తిట్టాలో కూడా తెలియని చావు అది. కాపలా మనిషి మా వాకిట్లో కూలబడి మాకంటే ఎక్కువ ఏడ్చాడు.

మూడో రోజు సారు వచ్చారు. నేను ఆయన్ని చూడటం అదే మొదలు. పామర్రులో బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నారు, కాళ్ళనిండా దుమ్ము. పొడుగ్గా, బక్కగా ఉన్నారు. గుమ్మం బయటే నిలబడి తానెవరో చెప్పారు. ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనకుండా నాన్న నిలబెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

"రెండేళ్ళు మీ దగ్గరికి పంపానండీ. ఏం నేర్పారండీ మావాడికి?" అన్నాడు.

"ఊరుకో అన్నయ్యా, ఆయనేం చేస్తాడు," అని మా బాబాయి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నాన్న ఊరుకోలేదు. నోటికొచ్చినవన్నీ అన్నాడు. ఐటీఐని తిట్టాడు, కరెంటుని తిట్టాడు, ఆయన్నీ ఆయన నేర్పిన విద్యనీ తిట్టాడు. అన్నయ్య స్విచ్చి ఆపే దిగాడు కదా, నేర్పినట్టే చేశాడు కదా అని సారు ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నాన్న గొంతు బొంగురుపోయి ఆగాక మెల్లగా అన్నారు.

"స్విచ్చి ఆపమని నేర్పానండీ. ఆపినదాన్ని ఇంకొకళ్ళు వెయ్యకుండా చూసుకోవడం అంత గట్టిగా నేర్పలేదు. అది నా తప్పేనండి."

తిరిగి వెళ్ళేటప్పుడు చెరువు ఎటో బాబాయిని అడిగి, అక్కడికి వెళ్ళి షెడ్డు చూసి వెళ్ళారట.

కొన్ని నెలలకి మళ్ళీ వచ్చారు. ఈసారి నాన్న కుర్చీ వేయించాడు. సారు కూర్చోకుండానే వచ్చిన పని చెప్పారు. అన్నయ్యకి జరిగింది క్లాసులో పిల్లలకి చెప్పాలనుకుంటున్నారు, అందుకు నాన్న ఒప్పుకోవాలి.

"మావాడి చావు మీకు పాఠమా?" అన్నాడు నాన్న.

"మీరొద్దంటే చెప్పనండీ," అన్నారు సారు. ఆ మాట మీదే ఉన్నారు కూడా.

నా ఇంటర్ అయింది. డిగ్రీలో చేరతాననుకున్నారు ఇంట్లో. ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరతానన్నాను. అమ్మ ఏడ్చింది. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఒకరోజు బస్సెక్కి విజయవాడ వెళ్ళి సారు ముందు నిలబడ్డాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఎందుకమ్మాయ్ ఇందులోకి?"

"అన్నయ్యకి ఏమైందో నాకు తెలియాలి సార్."

"అది ఇప్పుడే చెప్తాను, కూర్చో. దానికి రెండేళ్ళు అక్కర్లేదు."

బోర్డు మీద షెడ్డు గీశారు, చెరువు గీశారు, మోటారు గీశారు. కరెంటు ఎటునుంచి వచ్చి ఎటు పోయిందో, మనిషి నీళ్ళలో ఉంటే ఏమవుతుందో, ఏ ఒక్క పని చేసి ఉంటే వాడు బతికేవాడో, ఏదీ దాచకుండా, చిన్న పిల్లకి చెప్పినట్టు చెప్పారు. అన్నయ్య పోయాక ఆ సంగతి నాతో అంత సూటిగా మాట్లాడినవాళ్ళు లేరు.

"తెలిసిందిగా. ఇంక ఇంటికెళ్ళు," అన్నారు సుద్దముక్క కింద పెడుతూ.

నేను లేవలేదు. "అక్కడ మూడు తీగలు గీశారు కదా సార్. మూడెందుకు?" అని అడిగాను.

ఆయన సుద్దముక్క మళ్ళీ అందుకోబోయి ఆగారు. "మీ నాన్నగారిని తీసుకురా. ఆయన సరేననకుండా నిన్ను చేర్చుకోను," అన్నారు.

నాన్న రావడానికి చాలా రోజులు పట్టింది. అదీ, కుదరదని సారు ముఖం మీదే చెప్పడానికి బయల్దేరాడు. మేం వెళ్ళేసరికి క్లాసు జరుగుతోంది. సారు మమ్మల్ని చూసి, అయిపోయేదాకా వెనక బల్ల మీద కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు. కొత్తగా చేరిన పిల్లలు. మరమ్మతు మొదలుపెట్టే ముందు ఏం చెయ్యాలన్నది పాఠం.

సారు మెయిన్ ఆపారు. ఫ్యూజులు పీకారు. వాటిని చొక్కా జేబులో వేసుకున్నారు.

"పీకి పక్కన పెట్టకూడదు. జేబులో వేసుకోవాలి. ఎందుకంటే..." అని ఆగిపోయారు. వెనక బల్ల వైపు చూశారు. ఏదో గుర్తుకు రానట్టు గొంతు సవరించుకుని, "సరే, ఇది నియమం. రాసుకోండి," అన్నారు.

పిల్లలు రాసుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పుడు నా పక్కన నాన్న లేచి నిలబడ్డాడు.

"చెప్పండి మాస్టారూ."

క్లాసంతా వెనక్కి తిరిగింది.

"మావాడి పేరు పెట్టే చెప్పండి. ఉత్త నియమమంటే ఈ కుర్రాళ్ళు వింటారాండీ?"

సారు చెప్పారు. అన్నయ్య పేరు చెప్పి, వాడు కూర్చున్న బల్ల చూపించి, మొదటినుంచీ చివరిదాకా చెప్పారు. నాన్న భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే విన్నాడు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. కిటికీలోంచి చూస్తున్నవాడు తల వంచుకుని ఉన్నాడు.

బయటికొచ్చాక నాన్న చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. "దీనికి కూడా అదే నేర్పండి. ముందు అదే నేర్పండి," అని గబగబా గేటు వైపు నడిచాడు.

అలా నేను ఆయన శిష్యురాలినయ్యాను. ఆ ట్రేడులో అప్పుడు ఆడపిల్లని నేనొక్కదాన్నే. చున్నీతో మోటార్ల దగ్గరికి రానివ్వనన్నారు మొదటిరోజే. నేను బిక్కముఖం వేస్తే, మర్నాడు నాకొక ఖాకీ చొక్కా తెచ్చిచ్చారు. సారు వాళ్ళావిడ, మేం అమ్మగారు అనేవాళ్ళం, తన కుట్టు మిషను మీద నా కొలతకి సరిచేసిన చొక్కా అది. "యూనిఫారం అందరికీ ఒకటే, ఇందులో చూడాల్సిందేమీ లేదు," అని క్లాసుకి ఒకేసారి చెప్పేశారు. ఆ తర్వాత నన్ను ప్రత్యేకంగా చూసిందీ లేదు, పనిలో వెనక్కి నెట్టిందీ లేదు. స్తంభం ఎక్కే రోజు నేను సగంలో ఆగిపోతే కింది నుంచి చూస్తూ, "భయముంటే మంచిదే, ఇంకో మెట్టు ఎక్కు," అన్నారు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. టెస్టరుతో తీగ చూసే ముందు, కరెంటున్న చోట పెట్టి అసలు ఆ టెస్టరు వెలుగుతుందో లేదో చూసేవారు. ఎన్నేళ్ళ అనుభవమున్నా ఈ పని మాత్రం తప్పించేవారు కాదు. "ఆపాననుకోవడం వేరు, ఆగిందని చూసుకోవడం వేరు" అని రోజూ ఎవరో ఒకరితో అనేవారు. ఎవరైనా హడావుడి పడితే, "తొందరగా ఉందా? అయితే వెళ్ళి టీ తాగి రా," అని పంపేసేవారు. అప్పుడప్పుడు మమ్మల్ని గవర్నర్‌పేట తీసుకెళ్ళి కరెంటు సామాన్ల దుకాణాల్లో నిలబెట్టేవారు. మంచి వైరూ నకిలీ వైరూ పక్కపక్కన పెట్టి, కత్తితో గీకి రాగి చూపించేవారు. దుకాణాలవాళ్ళు ఆయన్ని దూరం నుంచి చూసే, "వచ్చారండీ, మా పుట్టి ముంచడానికి," అని నవ్వుతూ కుర్చీ వేసేవాళ్ళు.

కోర్సయ్యాక పనికోసం నన్ను ఒక కాంట్రాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళారు.

"ఆడపిల్లకి రేపేదైనా అయితే ఎవరండీ పూచీ?" అన్నాడాయన.

"మగపిల్లాడికి అయితే ఎవరండీ పూచీ?" అని అడిగారు సారు. ఆ అడగడంలో వెటకారం లేదు. నిజంగానే అడిగారు. ఎవరిని తలుచుకుని అడిగారో నాకు తెలుసు, ఆ కాంట్రాక్టరుకి తెలియదు. ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

అన్నయ్య పోయిన రోజున ఏటా సారు మా ఊరు వచ్చేవారు. అమ్మ అన్నం పెట్టేది. ఆయన తిని, కాలవలో నీళ్ళెలా ఉన్నాయి, పంట ఎలా ఉంది అని నాన్నని అడిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. నాన్న మర్యాదగా జవాబు చెప్పేవాడు. కానీ ఆయన పక్కన కూర్చుని ఏనాడూ భోంచెయ్యలేదు. పనుందని పొలానికి వెళ్ళిపోయేవాడు. ఇద్దరిలో ఎవరూ అన్నయ్య మాట ఎత్తేవాళ్ళు కాదు.

రిటైరయ్యాక సారుకి గుండె జబ్బు మొదలైంది. నేను కూడా ఐటీఐలో చేరి పాఠాలు చెబుతున్నానని ఆయనకి మహా సంతోషం. కిందటి నెల చూడటానికి వెళితే, ఈసారి ఆడపిల్లలు ఎవరైనా చేరారా, వర్క్‌షాపులో ఎర్తింగు సరిగా ఉందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"అమ్మాయ్, మీ నాన్నగారికి నా మీద కోపం పోయిందంటావా?"

పోయిందని అనేస్తే సరిపోయేది. నాకు తెలియని సంగతి ఆయనకి చెప్పలేకపోయాను. "అడుగుతాను సార్," అన్నాను.

ఆ ఆదివారం మా ఊరు వెళ్ళి నాన్నకి చెప్పాను. అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నవాడు చేతులు ఆపేశాడు.

"ఇన్నేళ్ళూ ఆయన అదే మనసులో పెట్టుకుని ఉన్నాడా?" అన్నాడు. మళ్ళీ తాడు అందుకుంటూ, "కోతలయ్యాక వెళ్దాంలే. నేనే వెళ్ళి మాట్లాడతాను," అన్నాడు.

కోతలు ఇంకా కాలేదు.

నేను విజయవాడలో దిగి వెళ్ళేసరికి సారు ఇంటి సందంతా మనుషులు. లైన్‌మెన్‌లు, లిఫ్టులు బాగుచేసేవాళ్ళు, మోటారు వైండింగు దుకాణాలవాళ్ళు, పని బట్టలతోనే వచ్చేసినవాళ్ళు. అందరూ తక్కువ గొంతుతో మాట్లాడుకుంటున్నారు. అమ్మగారు నన్ను చూసి దగ్గరికి రమ్మని పిలిచి, నా తల తన భుజానికి ఆనించుకున్నారు.

పాడె లేపే వేళకి నాన్న వచ్చాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె అంచున ఇంకా బురద ఆరలేదు. తిన్నగా సారు అల్లుడి దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, నేనూ ఒక కొమ్ము పడతాను."

"మీరెవరండీ?" అన్నాడా అబ్బాయి.

"మా పెద్దాడు ఈయన శిష్యుడండీ," అన్నాడు నాన్న. అంతకుమించి చెప్పలేదు.

అల్లుడు పక్కకి జరిగి చోటిచ్చాడు. సందు చివర వ్యాను ఆగి ఉంది, అక్కడిదాకా మోసుకెళ్ళాలి. మిగతా ముగ్గురూ సారు దగ్గర చదువుకున్నవాళ్ళు, పొడగరులు. నాన్న పొట్టి మనిషి. వాళ్ళు లేచి నిలబడేసరికి వెదురు బొంగు నాన్న భుజానికి అందలేదు. వెనకనుంచి ఎవరో, "పెద్దాయనా, మీరు ఇటు రండి, నేను పడతాను," అన్నారు. నాన్న విననట్టే ఉన్నాడు. చెయ్యి పైకి చాచి, అరచెయ్యి బొంగు కింద పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. గోవింద నామాల మధ్య అందరూ కదిలారు. నాన్న మడమలెత్తి, వేళ్ళ మీద నడిచాడు. నేను అరుగు మీద నిలబడిపోయాను. జనం మధ్య నాన్న తల నాకు కనిపించలేదు. ఆ బరువుని పైకి పట్టి ఉంచిన చెయ్యి ఒక్కటే, సందు మలుపు తిరిగేదాకా కనిపించింది.