మూడో ఫోను

మా ఆఫీసు గదిలో రెండు బల్లలు, మూడు బీరువాలు, ఒక ఫోను ఉండేవి. పరీక్షల దరఖాస్తులు నావి, సీట్ల జాబితాలు నా ఎదురు బల్ల ఆవిడవి. ఫోను ఇద్దరి మధ్యా కిటికీ గట్టు మీద ఉండేది. అదెంత పాతదంటే అవతలివాళ్ళ మాట గదంతా వినిపించేది. పంతొమ్మిదేళ్ళు ఆ గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది, నేను అమ్మా అనేవాణ్ణి. కాలేజీ పిల్లలు మాత్రం ఆవిడకి మూడు రింగుల మేడం అని పేరు పెట్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మా కాలేజీలో మొదటి ఏడాది అందరూ కలిసే చదువుతారు, రెండో ఏడాదికి ఎవరికి ఏ సబ్జెక్టో మార్కుల్ని బట్టి తేలుతుంది. కంప్యూటర్ సైన్సుకి నూట ఇరవై సీట్లు, అడిగేవాళ్ళు ఐదు వందల పైచిలుకు. ఇంకో వంద పెంచరాదా అంటే పాఠం చెప్పేవాళ్ళు దొరకరు. ఆ చదువు చదివినవాడెవడూ కాలేజీ జీతానికి ఆగడు కదా. సీటు రానివాళ్ళు వెయిటింగ్ లిస్టులో పడి కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తుంటారు. ఎవరైనా సీటు వదులుకుంటే వరసలో ముందున్నవాళ్ళకి ఈవిడ ఫోను చేసేది. పావుగంటకోసారి చొప్పున మూడుసార్లు. మూడుసార్లూ ఎత్తకపోతేనే కింది పేరుకి వెళ్ళేది. మూడు సమయాలూ రిజిస్టర్లో రాసి, గదిలో ఉన్న ఇంకొకరి చేత సాక్షి సంతకం పెట్టించేది. ఆ ఇంకొకణ్ణి నేనే.

నాకు ఆ చాదస్తం చూస్తే ఒళ్ళు మండేది. ఆకలితో నకనకలాడుతూ భోజనానికి లేవబోతే, "ఇంకొక్కటి ఉందండీ అన్నయ్యగారూ, కూర్చోండి" అని ఆపేది. ఎత్తనివాడి కోసం ఈ తపస్సేమిటమ్మా అని ఒకసారి గట్టిగానే అడిగాను.

అప్పుడు చెప్పింది. ఈ గుమాస్తా ఉద్యోగానికి తను కూడా ఒకప్పుడు వెయిటింగ్ లిస్టేనట. భర్త పోయి ఏడాది, తమ్ముడి ఇంట్లో ఒక మూల ఉంటోంది. ఇంట్లో ఫోను లేక కింద బట్టలు కుట్టే దుకాణం నంబరు ఇచ్చింది. దుకాణం వాడు రెండుసార్లు బద్ధకించి పైకి కబురు చెప్పలేదు. మూడోసారి మోగితే విసుక్కుంటూ పిలిచాడు.

"ఆ మూడోది చెయ్యకపోయుంటే నేను ఈపాటికి ఎక్కడుండేదాన్నో" అంది. ఆ తర్వాత నేను భోజనం గురించి మాట్లాడలేదు.

ఆవిడకి పిల్లల్లేరు. తమ్ముడి కూతుర్ని చంకనేసుకుని పెంచింది. ఆ పిల్ల మా కాలేజీలోనే చేరింది. కంప్యూటర్ సైన్సు వస్తే బతుకు గట్టెక్కినట్టేనని ఇంటిల్లిపాదీ నమ్మారు. అప్పట్లో నమ్మడానికి కారణమూ ఉంది. చివరి ఏడాది పరీక్షలు కాకముందే కంపెనీలవాళ్ళు వచ్చి పిల్లల్ని వరసపెట్టి తీసుకుపోయేవాళ్ళు. మేనకోడలికి నాలుగు మార్కులు తగ్గాయి. వెయిటింగ్ లిస్టులో రెండో పేరయింది. మొదటి పేరు ఎవరో అమ్మాయిది.

గడువు ఆఖరి రోజు దాకా ఒక్క సీటూ ఖాళీ కాలేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడూ నలభైకి ఒక కుర్రవాడు వచ్చి వేరే కాలేజీకి పోతున్నానని కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఐదింటికి జాబితా మూసెయ్యాలి. ఆవిడ మూడూ నలభై అయిదుకి మొదటి అమ్మాయికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగింటికి చేసింది. మళ్ళీ అంతే. నాలుగూ పదికి ఫోను మోగింది. మేనకోడలు.

"అత్తా, ఏమైనా ఉందా? లేదంటే లేదని చెప్పెయ్యి, నాకు ఊపిరాడట్లేదు."

ఆవిడ నా వైపు చూడలేదు. చాలాసేపు రిసీవరు చెవికి పెట్టుకునే ఉంది. పిల్ల అత్తా, అత్తా అంటూనే ఉంది. చివరికి, "ఉంది, వచ్చి సంతకం పెట్టు" అంది. ఆ తర్వాత కూడా వెంటనే పెట్టెయ్యలేదు, ఏ కాగితాలు తేవాలో ఒకటికి రెండుసార్లు చెప్పింది. గడియారం నాలుగుంబావు దాటింది.

రిజిస్టర్లో మూడు సమయాలు రాసి నా ముందుకి తోసింది. మూడోది నాలుగుంబావు. రెండే చేసింది, నేను విన్నాను. పోనీలే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కదా అనుకున్నాను. ఎత్తని పిల్ల మూడోసారి మాత్రం ఎత్తుతుందా అనుకున్నాను. ఇలాంటివి అనుకోవడంలో నాకు నేనే సాటి. సంతకం పెట్టాను.

ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ మాత్రం మారిపోయింది. పిల్లలు మూడు రింగుల మేడం అని పిలిస్తే అంతకుముందు నవ్వేది, ఇప్పుడు కాగితాల్లో తల దూర్చేది.

మేనకోడలు బాగానే చదివింది, ఆ మాట చెప్పాలి. కానీ పిల్ల చివరి ఏడాదికి వచ్చేసరికి మా కాలేజీకి వచ్చే కంపెనీలు సగమయ్యాయి, వచ్చినవి కూడా మాట్లాడి కాఫీ తాగి వెళ్ళిపోయాయి. కొత్తవాళ్ళు చేసే చిన్న పనులన్నీ ఇప్పుడు యంత్రమే చేసేస్తోందట, అనుభవం ఉన్నవాళ్ళు చాలట. పని ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి తెస్తారని ఎవడినడగాలి? నూట ఇరవై మందిలో ఉద్యోగం దొరికింది పదిహేడు మందికి. ఈ పిల్ల ఏడాదిన్నర కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. తిరగడమంటే బయటికి కాదు, గదిలో తెర ముందు కూర్చుని. రెండు వందల పైన దరఖాస్తులు పెట్టింది. సగం చోట్ల ఇంటర్వ్యూ చేసేది కూడా మనిషి కాదు. తెర అడుగుతుంది, తెరకే చెప్పాలి, రెండ్రోజులకి వద్దని ఉత్తరం వస్తుంది. చివరికి ఒక ఆసుపత్రిలో రోగులకి టోకెన్లు ఇచ్చే పనికి కుదిరింది. చేరిన రోజు సాయంత్రం నేరుగా మా గదికి వచ్చింది.

"ఆ సీటు నాకు రాకపోయినా బాగుండేది అత్తా. కనీసం సీటు రాలేదు గనక ఇలా అయిందని చెప్పుకునేదాన్ని" అంది, ఎవరి మీదా కోపం లేకుండా. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

ఈ ఏడాది ముగ్గురు సీట్లు వదులుకున్నారు. వెయిటింగ్ లిస్టులో మొదటి కుర్రవాడికి ఈవిడ ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. ఎత్తి, "ఆలోచించుకుని చెప్తాను మేడం" అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట మేమెన్నడూ వినలేదు. ఆవిడ రిసీవరు పెట్టేసి, లేచి, బీరువాలోంచి ఒక పాత రిజిస్టరు తీసింది. ఏ ఏడాదిదో నేను అడగలేదు. పేజీ వెతుక్కోకుండానే తెరుచుకుంది. అక్కడున్న నంబరు చూసి ఫోను తిప్పింది.

రెండో రింగుకి ఎవరో ఎత్తారు. వెనకాల అట్టపెట్టెలకి టేపు లాగుతున్న చప్పుడు. పేరు అడిగి, ఆవిడ కాలేజీ ఆఫీసు నుంచి అని చెప్పింది.

"మీరా మేడం" అంది అమ్మాయి. గొంతులో ఆశ్చర్యం. "చెప్పండి, పార్సిల్ గోడౌన్‌లో డ్యూటీలో ఉన్నాను."

"అయిదేళ్ళ కింద నీకు ఫోను చేశాను, ఆఖరి రోజున."

"అవును మేడం. బస్సులో ఉన్నాను, ఆ రద్దీలో వినపడలేదు. దిగి చూస్తే రెండు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఎంగేజ్ వచ్చింది. మీరెలాగూ మూడోది చేస్తారు కదా, మీకు లైను తగలాలని నేను చెయ్యడం ఆపేసి స్టాపులోనే ఫోన్ పట్టుకుని కూర్చున్నా. మర్నాడు పైఆఫీసులో అడిగితే రిజిస్టరు తెప్పించి చూశారు. మూడుసార్లు చేసినట్టు రాసుంది, సాక్షి సంతకం కూడా ఉంది అన్నారు. మీ సంగతి అందరికీ తెలుసుగా మేడం. నా ఫోన్‌లోనే ఏదో తేడా అనుకున్నా. మా నాన్న కూడా నన్నే తిట్టాడు. వేరే సబ్జెక్టు ఇచ్చారు, ఏడాది చదివి మానేశాను."



"నీ ఫోను మంచిదేనమ్మా" అంది ఆవిడ. "రెండే చేశాను. మూడోది చెయ్యలేదు. రాసింది అబద్ధం."

టేపు చప్పుడు ఆగింది. అమ్మాయి అడిగింది.

"ఆ సీటు ఎవరికిచ్చారు?"

"నా మేనకోడలికి."

"ఉద్యోగం వచ్చిందా తనకి?"

"రాలేదు."

అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తనకైనా వచ్చుండాల్సింది మేడం" అంది. "నాకు పనుంది, ఉంటాను."

ఆవిడ రిసీవరు నెమ్మదిగా పెట్టింది. రిజిస్టర్లో నాలుగుంబావు అన్నదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఆ రోజు తేదీ, సమయం రాసింది. కింద, మూడో ఫోను ఈ రోజు చేయడమైనది అని రాసి సంతకం పెట్టింది. దాన్ని పైఆఫీసుకి పంపితే ఉద్యోగం పోతుందని ఆవిడకి తెలుసు. ఇంకో ఏడు నెలల్లో రిటైరయ్యే నాకు కూడా ఏమవుతుందో నాకు తెలుసు.

రిజిస్టరు తిప్పి, ఎప్పటిలాగే నా ముందుకి తోసింది. బతిమాలలేదు, బలవంతం చెయ్యలేదు. సాక్షి గడిలో నా పాత సంతకం గుండ్రంగా, ముచ్చటగా ఉంది. దాన్ని కొట్టేసి పక్కన కొత్తది పెట్టాను, ఈసారి విన్నదానికే.