మేళ్లచెరువు నీళ్లలో తనిఫా

ఆ రోజుల్లో మనిషిని భయపెట్టడం చాలా తేలికైన పని అని నేను గట్టిగా నమ్మేదాన్ని. (మరీ పాత రోజులేం కావు. అప్పటికే కోదాడలో కూరగాయలమ్మే అవ్వ దగ్గర కూడా స్మార్ట్‌ఫోన్ ఉంది.) చదువు పూర్తయింది, ఉద్యోగం రాలేదు. పగలంతా మేడ మీది గదిలో కూర్చుని కంప్యూటర్‌లో దయ్యాల ఆటలాడేదాన్ని. "ఆటలాడితే జీతమెవలిస్తరే?" అని చుట్టాలు అడుగుతున్న సమయంలోనే హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ నిజంగానే ఇస్తానంది. కాకపోతే ముందొక పరీక్ష పెట్టింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే భయానక సాహసం ఒకటి సొంతంగా అల్లాలి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులై తామేం చేస్తారో చెబుతారు. ఆ పని ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. తిండీ నీళ్లూ వెలుతురూ తరిగిపోతుండగా ప్రాణాలతో బయటపడటమే ఆట. చోటు మన ప్రాంతంలోది కావాలి, భూతం ఎవరూ వాడనిది కావాలి, ఆడేవాళ్లు నిజంగా భయపడుతున్న వీడియో కావాలి. ఆ ఉద్యోగం వస్తే చుట్టాల నోళ్లన్నీ ఒకేసారి మూతపడతాయి. నాకు జీతం కంటే అదే ఎక్కువ.

చోటుకు కొదవ లేదు. మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంతలు వాన నీటితో నిండి, చూస్తుంటేనే గుండె జారేంత నీలంగా ఉంటాయి. భూతం దగ్గరే చిక్కొచ్చింది. మన దయ్యాలన్నీ ఎవరో ఒకరికి చుట్టాలే. ఏ కథ మొదలుపెట్టినా "ఆమె ఫలానోళ్ల పెద్దకోడలే కద, పాపం, మంచిది" అంటూ భయాన్ని మొగ్గలోనే తుంచేస్తారు. అందుకని నెట్‌లో వెతికి వెతికి, న్యూజిలాండ్‌లో మావోరీలు చెప్పుకునే తనిఫాను పట్టుకొచ్చాను. అది లోతైన నీళ్లలో ఉంటుందట. కొన్ని తనిఫాలు మనుషుల్ని మింగుతాయట, కొన్ని తమ జనాన్ని కంటికి రెప్పలా కాపాడతాయట. నేను మింగేదాన్ని మాత్రమే తీసుకున్నాను. (కాపాడేదాంతో ఉద్యోగం ఎలా వస్తుంది?)

ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతికి ఇద్దరు చిక్కారు. ఒకరు కళ్లద్దాలు మార్పించుకుందామని అనంతగిరి నుంచి కోదాడలోని మా ఇంటికి వచ్చిన మేనత్త, పుట్టి బుద్ధెరిగాక గొర్రెలతోనే బతికిన మనిషి. రెండోవారు చిన్నాయన. మేళ్లచెరువు నుంచి మిర్యాలగూడకు సిమెంటు లారీ తోలుతాడు. వీడియో తీసే పని అమ్మకు అప్పజెప్పాను. కిటికీలు మూసి, చప్పుడు వల్ల భయం చెడుతుందని ఫ్యాన్ కూడా ఆపాను. "కరెంటు ఉండంగ గిట్ల ఉడికిపోవుడేందే పిల్లా?" అంటూ అత్తమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది.

గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "పొద్దుగూకుతోంది. పాడుబడ్డ క్వారీ. లారీ చెడిపోయింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు..."

"మేళ్లచెరువుల సిగ్నల్ లేకపోవుడేంది? ఫ్యాక్టరీ పక్కన్నే టవరున్నది" అన్నాడు చిన్నాయన.

"టవర్ కూలిపోయింది చిన్నాయనా."

"గట్లయితే నేను లారీ దిగ. క్యాబిన్‌ల పంట. పొద్దుగాల మెకానిక్ వస్తడు."

భయానక సాహసాలు ఎలా అల్లాలో నేను చాలానే చదివాను. కథానాయకుడు క్యాబిన్‌లో పడుకుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ వైపు తిరిగాను. ఆమెకు మిగిలింది ఒక్క సీసా నీళ్లేనని చెప్పాను.

"ఒక్క సీసతోని గంత దూరం ఎవలన్న పోతరా? నేను క్యాన్ తెచ్చుకున్న."

"అట్ల కుదరదు అత్తమ్మా."

"కుదరకపోతే నేను రాను. మీరే పోయి రాండ్రి."

ఇక లాభం లేదని భూతాన్ని ముందుకు తెచ్చాను. నీళ్లు సుడి తిరిగాయన్నాను. నల్లటి వీపు పైకి లేచిందన్నాను. "అదే తనిఫా!" అని బల్ల చరిచాను.

"తనఖానా?" అంది అత్తమ్మ. "బంగారం బ్యాంకుల పెట్టేదే కదనే?"

అమ్మ నవ్వుకు చేతిలో ఫోన్ ఊగిపోయింది. నా ఉద్యోగం కూడా దాంతోపాటే ఊగుతున్నట్టు కనబడింది. ఆ కంగారులో, ముందుగా అనుకోని మాట ఒకటి నోట్లోంచి వచ్చేసింది. "అత్తమ్మా, నీ మంద కూడా అక్కడే ఉంది. అందులో ఒక సూడి గొర్రె కనబడటం లేదు."

చిక్కుడుకాయ తుంచుతున్న చేయి ఆగిపోయింది. "ఎప్పటి సంది?"

"ఇప్పుడే. నీళ్ల దిక్కు పోయినట్టుంది."

"అక్కా, నువ్వాగు. నేను దిగుతున్న" అంటూ చిన్నాయన లారీ దిగాడు. గదిలో నవ్వు చచ్చిపోయింది. అత్తమ్మ ముఖం నిండా చెమట. అది ఉక్కకు పట్టిన చెమట కాదు. అమ్మ కూడా ఫోన్ కదలకుండా పట్టుకుంది. నేను మాత్రం మనసులో హైదరాబాద్‌లో కిరాయికి గది వెతుక్కుంటున్నాను.

అత్తమ్మ బల్ల మీదికి వంగి, నీళ్లతోనే మాట్లాడింది. "అమ్మా తనఖమ్మా, నీ నీళ్ల జోలికి మేం రాం. అది కడుపుతోని ఉన్నది. ఇడిసిపెట్టు తల్లీ." తర్వాత పాచికను రెండు చేతుల్లో పట్టుకుని, కళ్లు మూసుకుని వేసింది. ఒకటి పడింది, అంటే ఫలించనట్టే. నియమం నియమమే కదా. ఎంతో హుందాగా ప్రకటించాను. "నీళ్లు మూసుకున్నాయి. గొర్రె తిరిగి రాలేదు."

అరుస్తుందనుకున్నాను. ఆమె లేచి చేతిసంచి అందుకుంది. "వదినె, అన్నం తినిపో" అని అమ్మ బతిమాలింది. "నాకు సయించదు" అంది.

"అత్తమ్మా, అది ఉత్త ఆట."

"ఆటైతే మాత్రం? కడుపుతోని ఉన్నదాన్ని సంపుతవా?"

ఆమె వీధి మలుపు తిరిగింది. చిన్నాయన నా వైపు తిరిగాడు. "ఏం సూస్తున్నవ్? పోయి గా గొర్రెను తీస్కరా."

ఎండలో స్కూటీ మీద బస్టాండుకు ఉరికాను. అనంతగిరి బస్సు కిటికీ పక్కన అత్తమ్మ, అటు తిరిగి కూర్చుంది. "గొర్రె దొరికింది అత్తమ్మా!" అన్నాను రొప్పుతూ. ఆమె ఇటు తిరగలేదు. "ఎట్ల?" అని మాత్రం అడిగింది. నేను పక్కన పడేసిన రెండో రకం తనిఫాను అక్కడికక్కడే పిలిచాను. నీ మాట విన్నదని, గొర్రెను వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చిందని చెప్పాను.

"ఈనిందా?"

"ఈనింది. రెండు పిల్లలు."

"పాలు తాగినయా?"

"తాగినయి."

"ఎవ్వలి గొర్రెలమ్మా?" అని ముందు సీటామె ఆసక్తిగా వెనక్కి తిరిగింది. "దిగేటోళ్లు దిగుండ్రి!" అని కండక్టర్ కేకేశాడు. అత్తమ్మ అప్పుడు నవ్వింది. "మంచిది. ఇగ దాన్ని మల్ల గా దిక్కు పోనియ్యకు" అని కిటికీలోంచి నా తల నిమిరింది.

కథను ముగింపుతో సహా రాసి పంపాలి. గొర్రె మునిగినచోట ఆపేస్తే చాలు, వీడియోలో భయం అమోఘంగా ఉంది. కానీ మర్నాడు పొద్దున్నే అత్తమ్మ ఫోన్ చేసింది. "గొర్రె బతికిందని వాళ్లకు గూడ రాసినవా బిడ్డా?" రాశాను. గొర్రెను, రెండు పిల్లల్ని, అవి పాలు తాగడాన్ని కూడా రాశాను. కంపెనీ వాళ్ల జవాబు మర్యాదగానే వచ్చింది: ఆడినవాళ్లు అద్భుతంగా భయపడ్డారు, అయితే కథ నడిపిన వ్యక్తి పాచిక మాటను లెక్కచేయలేదు, భూతం చివరికి బాగా మెత్తబడింది, కాబట్టి క్షమించాలి.

ఇప్పుడు సూర్యాపేటలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. పరీక్షలో ఎన్ని మార్కులొస్తే అన్నే వేస్తాను, ఎవరు ఏడ్చినా మార్చను. మంచి టీచరని పేరుంది. ఇవాళ ఎవరైనా నా మీద అలిగి వెళ్లిపోతే ఒక వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకుంటాను. లేని గొర్రెను బతికించడానికి మిట్టమధ్యాహ్నం, నెత్తిన చున్నీ అయినా కప్పుకోకుండా ఉరికిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆ కంపెనీ వాళ్లను తప్పుపట్టను. ఉద్యోగం ఇవ్వదగ్గంత తెలివి ఆ పిల్లకు లేదు. కానీ బస్సు కదిలేలోపు చేరుకుంది.