టికెట్ మాఫీ

మా బావకు సినిమా పిచ్చి. నాకు పుస్తకాల పిచ్చి. రెండూ ఒకే రోగమని ఒప్పుకోవడానికి ఇద్దరికీ నామోషీ. రాజులు, కోటలు, మంత్రపు కత్తులు, ఎగిరే జంతువులు ఇద్దరికీ కావాలి. ఆయనకవి తెర మీద, డప్పుల మోతతో, తన హీరో పక్కన కనిపించాలి. నాకేమో తలగడంత లావు ఇంగ్లీషు నవలల్లో, మొదటి పేజీలో మ్యాపుతో సహా కావాలి. దోహాలో ఉమ్ ఘువైలినా పేటలోని నా గదికి వచ్చినప్పుడల్లా బావ ఆ మ్యాపు తెరిచి, "ఇది లేకుంటె నీ కథలోళ్లకు ఇంటికి పోవుడు రాదార?" అని అడిగేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "నీ హీరోకు మ్యాపెందుకు బావా, ఎక్కడ దుంకితే గక్కడ్నే ఊరు" అనేవాణ్ణి.

బావ అంటే మా అక్క భర్త. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉన్నంతకాలం తన హీరో సినిమా ఏదొచ్చినా టౌనుకు పోయి మొదటి ఆట చూసి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఆ పోయిన గొంతుతోనే కూతురికి కథంతా చెప్పేవాడు. ఆ తొక్కిసలాటలోకి పిల్లను తీసుకుపోనిచ్చేది కాదు మా అక్క. అందుకని నా మేనకోడలికి సినిమా అంటే ముందు బాపు నోట వినేది, తర్వాత ఎప్పుడో టీవీలో చూసేది. మర్నాడు బడిలో ఆ కథను క్లాసుకంతా అది తిరిగి చెప్పేది. అందరికంటే ముందు కథ తెలిసిన పిల్లగా దానికక్కడ ఒక హోదా ఉండేది.

బావ ఖతార్‌కు బయల్దేరిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. "మరి కథ ఎవరు జెప్తరు?" అని మాత్రం అడిగింది. "నేనే జెప్త బిడ్డా. దుబాయ్‌ల మనకంటె ఒకరోజు ముందే సినిమా పడ్తది. ఇంకా ముందే జెప్త" అని బావ మాటిచ్చాడు. మా ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే. దోహాలో దిగి నెలలు గడిచినా మా అక్క లెక్కలో మేమిద్దరం దుబాయ్‌లోనే ఉన్నాం.

బావకు బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో బస, సైటులో ఇనుప చువ్వలు కట్టే పని. కాస్త అరబ్బీ నేర్చుకోమంటే "వచ్చుర, మా ఫోర్‌మన్ రోజు మాట్లాడతడు" అనేవాడు. ఫోర్‌మన్ నోట ఆయన రోజూ వినేది "మాఫీ ముష్కిల్" అనే ఒక్క ముక్కే. ముష్కిల్ అంటే కష్టమని హిందీ వచ్చిన బావకు తెలుసు. ఇక మాఫీ అంటే ఏమిటో మా జిల్లాలో పసిపిల్లకైనా తెలుసు. అప్పు మాఫీ, వడ్డీ మాఫీ, కరెంటు బిల్లు మాఫీ. ఆ మాట వింటే చాలు, మంచం పట్టిన ముసలాయన కూడా లేచి కూర్చుని ఎప్పటినుంచి అని అడుగుతాడు. కాబట్టి మాఫీ ముష్కిల్ అంటే కష్టం రద్దయిందని బావ అర్థం చేసుకున్నాడు. దానివల్ల పనికేమీ ఇబ్బంది రాలేదు. ఇక్కడి భాషలో మాఫీ అంటే "లేదు" అని చెప్పాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

అంతలో ఆయన హీరో కొత్త సినిమా వచ్చింది. గుర్రాలు, కోటలు, రెక్కల సింహం ఉన్న పెద్ద సినిమా. ఇక్కడ గురువారం సాయంత్రం, మన దగ్గర శుక్రవారం. బుధవారం బావ ఫోన్ చేశాడు. "క్యాంప్ పక్కన హాలు కాడికి సీదా రా. టికెట్ల ముచ్చట మర్చిపో. జెప్తే నమ్మవు." నాకు ఆ హీరో పెద్దగా నచ్చడు. రెక్కల సింహం నచ్చుతుంది. అందుకని వెళ్ళాను.

హాలు బయట బావ ఒంటరిగా లేడు. గదిలోవాళ్ళనందరినీ వెంటబెట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్విన తలలు, ఒకరిని మించి ఒకరికి అత్తరు. బావ జేబులు ఉబ్బి ఉన్నాయి. హీరో మొదటిసారి కనిపించినప్పుడు విసరడానికి కంపెనీ వాళ్ళిచ్చిన సేఫ్టీ కరపత్రాలను ముక్కలుగా చింపి నింపుకున్నాడు. టికెట్లేవని అడిగితే నవ్వాడు.

"నిన్న కౌంటర్ కాడ అడిగిన. టికెట్ మాఫీ అన్నడు. మళ్ల అడిగిన. మాఫీ, మాఫీ అనుకుంట చెయ్యి గూడ ఊపిండు. లేబరోళ్లకు ఫ్రీ షో ఏస్తున్నట్టున్నరు."

నాకు సంగతి బోధపడేలోపే ఆయన గేటు దగ్గరికి చేరాడు. సెక్యూరిటీ మనిషి చెయ్యి చాపాడు.

"టికెట్?"

"టికెట్ మాఫీ" అన్నాడు బావ, మగపెళ్లివారి బిగువుతో.

"టికెట్ మాఫీ?"

"హా భాయ్, టికెట్ మాఫీ!"

"టికెట్ మాఫీ, తో అందర్ మాఫీ."

బావ మావైపు తిరిగాడు. ఆ మొహంలోని వెలుగు నేనింకా మర్చిపోలేదు. "వారీ, లోపట గూడ మాఫీనంటర! పాప్‌కార్న్ గూడ తినుండ్రి!"

ఆయన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కొచ్చాను. "మాఫీ అంటె లేదని బావా. టికెట్లు లేవన్నడు నిన్న. టికెట్ లేకుంటె లోపటికి పోరాదంటుండు ఇప్పుడు." గదివాళ్ళు ముందు బావను చూశారు, తర్వాత తమ ఇస్త్రీ చొక్కాలను చూసుకున్నారు. ఒకాయన మాత్రం దిగులుగా, "అయితె మన ముష్కిల్ గూడ మాఫీ గాలేదా?" అని అడిగాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. బావ నవ్వలేదు. విచారిస్తే ఆ వారాంతంలో ఏ ఆటకూ సీటు లేదని తేలింది.

మిగతావాళ్ళు క్యాంపుకు వెళ్ళిపోయారు. మేమిద్దరం పక్కనున్న కెఫెటేరియాలో కూర్చున్నాం.

"పొద్దుగాల్ల బడికి పోయే ముందట బిడ్డ ఫోన్ జేస్తది. ఏం జెప్పాలె?"

"టికెట్ దొర్కలేదని జెప్పు."

"ఈడికొచ్చినంక ఇదే మొదటి సినిమార. మొదటి మాటే తప్పినంక, వస్త వస్త అని నేను జెప్పేది ఏం నమ్ముతది?"

సినిమా కథ ఏమిటో ఫోన్‌లో వెతికాను. పొగడ్తలు, తిట్లు బోలెడున్నాయి కానీ, కథ బయటపెట్టొద్దని చూసినవాళ్ళంతా ఒట్టు పెట్టుకున్నట్టున్నారు. చివరికి బావ చాయ్ కప్పు పక్కకు జరిపి, ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"నీ బుక్కులది ఒక కథ ఇయ్యర."

నాకెంత సంతోషమైందో దాచుకోను. అప్పుడే ఒక నవల చదవడం పూర్తి చేసి ఉన్నాను, ఆరు సంపుటాలు. ఒక రాజ్యంలో వానను బురుజులో పెట్టి తాళం వేస్తారు. దాన్ని విడిపించడానికి ఒక తండ్రి కూతుర్ని వదిలి కొండలు దాటి వెళ్తాడు. ఎవరో ఒకరు బురుజు తలుపును లోపలినుంచి పట్టుకుని నిలబడితేనే వాన బయటికొస్తుంది. అందుకని ఆయన అక్కడే ఉండిపోతాడు, ఊళ్లో వాన పడుతుంది. నేను రాజవంశం మొదటినుంచి ఎత్తుకున్నాను. రెండో తరానికి చేరేలోపే బావ "గీళ్లందర్ని తీసెయ్" అన్నాడు. "ట్రైలర్‌ల గుర్రమున్నది, సింహమున్నది. గవి వెట్టు." నేనెంతో గౌరవించే మహారాణిని రెండు ముక్కల్లో గయ్యాళి అత్తను చేసేశాడు. ముగింపు దగ్గర మాత్రం ఆగాడు.

"ఆయన మళ్ల ఇంటికి రాడా?"

"రాడు బావా. దాంట్ల గదే గొప్ప."

"ఏం గొప్పర గది?" అని విసుక్కుని లేచాడు.

ఆ పూట నా గదిలోనే పడుకున్నాడు. తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. యూనిఫాం, రెండు జడలు, తెర నిండా నా మేనకోడలు. బావ వంటగట్టు ముందు నిలబడి కథ ఎత్తుకున్నాడు. మూడో సంపుటం దాకా నా రచయిత బతికించుకుంటూ వచ్చిన ముసలి రాజును ఇంటర్వెల్‌కు ముందే చంపేశాడు. హీరో ఎంట్రీ దగ్గర జేబులోంచి కాగితం ముక్కలు తీసి పైకి విసిరితే అవి నా చాయ్‌లో పడ్డాయి. ఈల వేస్తే పక్క గదివాళ్ళు గోడ బాదారు. హీరో బురుజులోకి పోయి తలుపు పట్టుకున్నాడు, ఊళ్లో వాన మొదలైంది.

"మరి ఆయన?" అంది పిల్ల, గొంతు తగ్గించి.

ఆయన రాడన్నట్టు నేను ఫోన్ వెనకనుంచి తల అడ్డంగా ఊపాను. బావ నాకేసి గుడ్లురిమాడు.

"వస్తడు బిడ్డా. తలుపును సింహానికి అప్పజెప్పి, తడుసుకుంట ఇంటికొస్తడు. బిడ్డ గొడుగు వట్టుకోని ఎదురొస్తది."

అవతల చప్పట్లు వినబడ్డాయి, ఆ వెనకే బడి బస్సు హారన్.

"రేపు అది సినిమా చూస్తె ఎట్ల?" అన్నాను కాగితాలు ఊడుస్తూ.

"మీ అక్క తీస్కపోతదా? సినిమా అంటెనే ఆమెకు తలనొప్పి."

మా అక్క తీసుకుపోయింది. బాపు దగ్గర లేడు కదా పాపమని ఆదివారం టౌనుకు తీసుకుపోయి చూపించింది. సాయంత్రం డ్యూటీ అయ్యేవేళకు మా ఇద్దరినీ ఒకే కాల్‌లోకి రమ్మంది. బావ క్యాంపు బయట నిలబడ్డాడు, నేను మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. కాల్ కలవకముందే ఆయన నాకు మెసేజ్ పెట్టాడు: "ఇయ్యాల నా ఇజ్జత్ మాఫీ." ఆ మాటను మొదటిసారి సరైన అర్థంలో వాడాడు.

పిల్ల మూతి ముడుచుకుని ఉంది.

"బాపూ, మాకు మంచి సినిమా ఎయ్యలే."

"ఎందుకు బిడ్డా?"

"బురుజు లేదు, వాన లేదు. మీ దుబాయ్‌ల ఏసిందే మంచిగున్నది. మాకు వేరేది పంపిన్రు."

వెనకనుంచి మా అక్క, "నాకైతే తలకాయ పలిగింది" అంది. హమ్మయ్య అనుకుని నేను పగలబడి నవ్వబోయాను. కానీ పిల్ల మాట ఇంకా అయిపోలేదు.

"మా దాంట్ల ఆయన లడాయికి పోయి గక్కడ్నే సచ్చిపోయిండు బాపూ. నువ్వు చూసిన దాంట్ల ఇంటికొస్తడు గదా?"

బావ మాటకు తడుముకునే మనిషి కాదు. ఆ రోజు తడుముకున్నాడు. ఫోన్‌ను పక్కకు తిప్పేశాడు. తెర మీద క్యాంపు గోడ, దాని మీద ఆరేసిన చొక్కాలు కనిపించాయి. పిల్ల ఎదురుచూస్తోంది. బావ ఫోన్‌ను మళ్లీ తనవైపు తిప్పకపోయేసరికి, ఆరు సంపుటాలూ చదివిన నేనే నోరు విప్పాను.

"వస్తడు బిడ్డా" అన్నాను. "నేను గూడ చూసిన."