నేను కనిపెట్టిన ఆఖరి తేదీ

ధర్నా చేయకుండా, రాయి విసరకుండా, ఒక్క వేలితో సర్కారు ఆఫీసును ఎలా స్తంభింపజేయవచ్చో చెబుతాను, వినండి. ఆ ఘనకార్యం చేసిన మూర్ఖుడిని నేనే కాబట్టి వివరాలకు లోటుండదు.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూమ్‌లో సేల్స్‌మన్‌ని. మా నాన్న పోచంపల్లిలో చీరలు నేశాడు. నేను ఎల్బీ నగర్‌లో కాపురముండి వాట్సాప్ మెసేజీలు నేశాను. మా కాలనీ గ్రూపులో ఏ వార్తయినా నా చేతి మీదుగా రావాలి. ఇంకెవరైనా ముందు పెట్టేశారా, ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు పొద్దున మెట్రోలో ఉండగా ఎవరో ఒక మెసేజ్ పంపారు. ఆధార్‌కు వేలిముద్రలు మళ్లీ వేయాలట, రేపే ఆఖరు రోజట, వేయనివాళ్లకు రేషన్, పింఛన్ బంద్ అట. అన్నీ 'అట'లే. బుద్ధున్నవాడైతే అక్కడే ఆపేవాడు. నేనేమో 'అట'లన్నీ పీకేసి, చివర్లో సొంతంగా ఒక ముక్క అతికించాను: "నేను స్వయంగా ఆఫీసుల కనుక్కున్న. పక్కా సమాచారం." నిజానికి ఆ ఆఫీసుతో నాకున్న సంబంధమల్లా పాలప్యాకెట్‌కు వెళ్తూ దాని ముందు నుంచి నడవడమే.

మా పై అంతస్తులో ఉండే ప్రసాద్ గారు గుడివాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్చరర్. ఆయనొక్కడే అడిగాడు.

"శ్రీశైలం గారూ, ఇది నిజమేనాండీ? పేపర్లో ఎక్కడా కనపళ్లేదు."

"పేపరోళ్లకు రేపు తెలుస్తది సార్" అని జవాబిచ్చాను. గ్రూపులో మెచ్చుకోలు బొటనవేళ్లు వరసకట్టాయి. ఆ రోజు ప్రతి కస్టమర్‌కూ అడగకుండానే ఇంకో పది చీరలు విప్పి చూపించాను. అంత ఆనందం.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయి కీర్తనకు పాలిటెక్నిక్‌లో సీటు రావాల్సి ఉంది. ఆదాయం సర్టిఫికెట్ లేకపోతే ఫీజు మాఫీ ఉండదు, మాఫీ లేకపోతే నా జీతానికి ఆ చదువు అందదు. సర్టిఫికెట్ తయారైందని ఫోన్‌కు కబురు వచ్చి రెండు రోజులైంది. మా ఇంటి దగ్గరి సేవా కేంద్రానికి, అంటే ఆధార్ వేలిముద్రలు కూడా వేసే ఆ ఆఫీసుకే, వెళ్లి ప్రింటు తెచ్చుకుంటే చాలు. "అక్కడ ఎప్పుడు చూసినా పదిమంది కూడ ఉండరు, పోదాంలే" అని వాయిదా వేశాను. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి కాగితాల తనిఖీ. అంటే నా పనికి మిగిలింది సరిగ్గా రేపటి రోజే.

మరునాడు ఏడున్నరకు వెళ్లేసరికి సేవా కేంద్రం ముందు లైను రోడ్డెక్కి, టిఫిన్ బండి దాటి, మలుపు తిరిగింది. సగం మనుషులు, సగం చెప్పులు. మా దగ్గర చెప్పు కూడా మనిషితో సమానమే, లైనులో దాని హక్కు దానిదే. చెప్పులు లేనిచోట నీళ్ల సీసా, సీసా లేనిచోట సుద్దముక్కతో పేరు రాసిన ఇటుక. నేనూ వెళ్లి ఒక ఇటుక వెనక నిలబడ్డాను.

"ఏమైందన్నా, ఇంత లైన్ ఏంది?" అని ముందున్నాయన్ని అడిగాను.

"నీకు తెల్వదా? ఇయ్యాల ఆఖరు. తహశీల్దార్ బామ్మర్ది స్వయంగా కనుక్కొని చెప్పిండంట. పక్కా సమాచారం."

ఒక్క రాత్రిలో నాకు తహశీల్దారుతో వియ్యం కూడా కుదిరింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను ఎల్బీ నగర్‌నంతా గోతిలో దింపి, నాకే చోటు లేక గట్టున నిలబడ్డాను.

నాలుగు చెప్పుల అవతల ప్రసాద్ గారు గొడుగు వేసుకుని కనిపించాడు.

"సార్, మీరెందుకొచ్చిన్రు? అది ఉత్తదే సార్."

"నిన్న మీరే కదండీ పక్కా అన్నారు. ఇవాళ లైను చూసి ఉత్తదంటే ఎలాగండీ?"

పది దాటాక సిగ్గు చంపుకుని ముందుకు వెళ్లి కిటికీలో తల పెట్టాను. ఆపరేటర్ స్వరూప ముఖం అప్పటికే వాడిపోయింది.

"మేడం, నాది ఒక్క ప్రింట్. రేపు బిడ్డకు కౌన్సెలింగ్ ఉంది."

"లైన్ల రా అన్నా. నన్నేం చెయ్యమంటవ్? ఎవడో మెసేజ్ పెట్టిండు. ఆఖరు తారీఖే లేదు, ముద్రలు మంచిగున్నోళ్లకు అవసరమే లేదని పొద్దుగాల నుంచి మొత్తుకుంటున్న. ఏలు ఒత్తితేనే పోతం అంటున్నరు. ఒత్తిపిస్తున్న. వాడు దొరికితే ఈ కుర్సీల కూసోబెడ్త."

ఆ కుర్చీకి అర్హుడిని మూరెడు దూరంలోనే ఉన్నానని చెప్పే ధైర్యం లేక వెనక్కి తిరిగి లైను మీద పడ్డాను.

"జర ఇనుండ్రి. ఇయ్యాల ఆఖరు రోజు కాదు. ఆ మెసేజ్ అబద్ధం. ఇండ్లకు పోండ్రి."

ఒక్క చెప్పు కూడా కదల్లేదు.

"మంచిగున్నది తెలివి. మేం పోతే నువ్వు ముందటికి పోతవ్" అన్నాడు ఒకాయన.

"అన్నా, నిజంగ ఆఖరు రోజు నా ఒక్కనికే."

"అందరిదీ అదే ముచ్చట. ఎనకకు పో."

ఒంటిగంటకు సగం దూరం జరిగాను. నాలుగున్నరకు నాకూ కిటికీకీ మధ్య ఒకే ఒక్క మనిషి, బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన యాదమ్మ. ఇళ్లు కట్టే చోట కూలిపని. పని మానేసి వచ్చింది. పొద్దున నా ముందున్న ఇటుక ఆమెదే, దాన్ని లైనులో పెట్టి కిటికీ పక్క నీడలో కూర్చుంది. ఫోన్ నా చేతిలో పెట్టి అంది:

"బిడ్డా, ఇండ్ల ఏమున్నదో ఇంకోసారి సదువు. పింఛన్ పోతదని రాత్రి నిద్రనే లేదు."

చదివాను. నా అక్షరాలే, నా పక్కా సమాచారమే.

"ఎవరు పెట్టిండ్రోగాని దేవుడు సల్లగ జూడాలె. మాసొంటోళ్లకు ఎవరు చెప్తరు?" అంది.

అంతకుమించి నేను భరించలేకపోయాను. "అవ్వా, అది పెట్టింది నేనే. అంత అబద్ధం. నీ పింఛన్‌కు ఏం కాదు, ఇంటికి పో" అన్నాను. జీవితంలో అంత నిజాయితీగా ఎప్పుడూ మాట్లాడలేదు.

యాదమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ముందటికి పోనీకె గింత అబద్ధమాడాల్నా కొడుకా? బిడ్డ సదువని కిటికీ కాడ అంటివి, నేను ఇనలేదా? పో, నువ్వే పో" అని పక్కకు జరిగింది.

సిగ్గుతో చచ్చిపోతూనే వెళ్లాను. ప్రింటు చేతికొచ్చింది. ఆ వెంటనే సర్వర్ పడుకుంది. స్వరూప కిటికీ మూసేసింది.

"మల్ల రేపు రావాల్నా?" అంది యాదమ్మ.

"వద్దవ్వా, వద్దు. ఒట్టు, అసలు అవసరమే లేదు."

"నీ పని అయింది కద బిడ్డా, నువ్వు అట్లనే అంటవ్."

మరునాడు కీర్తనను తల్లితో తనిఖీకి పంపి, షోరూమ్‌కు సెలవు పెట్టి, ఆరింటికే నా చెప్పులు లైనులో మొదట పెట్టి కూర్చున్నాను. యాదమ్మ రాగానే ఆ చోటు ఆమెకిచ్చి పక్కన నిలబడ్డాను. స్వరూప కిటికీ తెరిచి నన్ను చూసి తల పట్టుకుంది.

"అవసరం లేదని నిన్ననే చెప్తి కద అన్నా. చదువుకున్నోనివి, నువ్వు గుడ ఆ మెసేజ్ నమ్మినవా?"

కాబట్టి పాఠకులారా, నా పది వేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నేను ఏ వార్తనూ ఎవరికీ పంపను. రేపు సూర్యుడు ఉదయిస్తాడన్నదైనా సరే, స్వయంగా లైనులో నిలబడి కనుక్కునేదాకా పంపను.