అందిందా గారు

తాను పంపిన మెసేజ్ అవతలి మనిషికి చేరిందో లేదో కనుక్కోవడానికి, ఆ మెసేజ్ వెనకాలే కాలినడకన బయల్దేరే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయన కింద ఏళ్ల తరబడి పనిచేశాను. తమాషా ఏమిటంటే, ఆ మెసేజ్‌లు మోసుకెళ్లే సాఫ్ట్‌వేర్ కట్టింది కూడా ఆయనే. వంతెన కట్టినవాడే రోజూ పక్కన ఏట్లో దిగి ఈదుకుంటూ వెళ్తే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో, మాకు అలా ఉండేది.

ఆయన పోయి నెల దాటింది. మా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. ముందునుంచీ వెనకనుంచీ కూడా "అందిందా గారు" అనే అనేవాళ్లం. ఆయనా పలికేవారు. ఆయన గురించి చెప్పి మిమ్మల్ని నవ్విద్దామనే కూర్చున్నాను. మధ్యలో నా గొంతు మారితే పట్టించుకోకండి.

మాది పంపులు తయారుచేసే కంపెనీ. ముందు ఆఫీసు భవనం, వెనక పెద్ద ఆవరణ, ఆవరణ చివర స్టోర్సు షెడ్డు. ఒకప్పుడు సెలవు చీటీ దగ్గర్నుంచి పంపు డ్రాయింగు దాకా ప్రతి కాగితమూ బల్లబల్లకీ ఊరేగి వచ్చేదట. అందిందా గారు వచ్చి వాటన్నిటినీ ఒక పోర్టల్లోకి ఎక్కించారు. సెలవులు, జీతాలు, డ్రాయింగులు, సర్క్యులర్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు, అన్నీ ఒకే తెర మీద. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే ఆ మనిషి సీట్లో ఉన్నట్టు. కుర్చీలోంచి లేవకుండా కంపెనీ నడపొచ్చని అందరూ మెచ్చుకున్నారు. లేచేది ఆయనొక్కరే.

నేను చేరిన రోజు నా తెర మీద "మీకు స్వాగతం" అని ఒక మెసేజ్ వచ్చింది. చదవడం పూర్తికాకముందే పక్కన ఎవరో నిలబడి ఆయాసపడుతున్నారు. నెరిసిన జుట్టు, చెమట పట్టిన కళ్లజోడు.

"అందిందా?" అన్నారు.

"అందిందండీ."

"చదివావా?"

"చదువుతున్నానండీ."

"చదువమ్మా, తొందరేం లేదు. ఉంటాను."

రెండే మాటలున్న మెసేజ్‌ను ఆయన ఎదురుగా మళ్లీ మొదట్నుంచి చదివాను. ఆయన నా మొహంలోకి పరీక్షగా చూసి, "తలనొప్పిగా ఉందా? కిటికీ పక్కకి మారు," అని చెప్పి వెళ్లిపోయారు. నాకు నిజంగానే తలనొప్పిగా ఉంది. ఈ ముసలాయనకెలా తెలిసిందా అనుకుని ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయన నడకకు న్యాయం ఉండేది. పాస్‌వర్డ్ మర్చిపోయిన వాళ్లకు కొత్త పాస్‌వర్డ్ పోర్టల్లోనే వెళ్లేది. దాన్ని చూడాలంటే పాస్‌వర్డ్ కావాలి. కాబట్టి ఆయనే వెళ్లి చెవిలో చెప్పి వచ్చేవారు. మిగతావన్నీ శుద్ధ చాదస్తం. ఎకౌంట్సాయన టేబుల్ కింద దూరి పడిపోయిన పెన్ను వెతుక్కుంటుంటే అక్కడికే వంగి "అందిందా?" అన్నారు. ఎకౌంట్సాయన తల టేబులుకి కొట్టుకుంది. ఆ తర్వాత ఆయన పెన్ను పడిపోతే ముందు అటూఇటూ చూసి గానీ వంగేవాడు కాదు.

ఒకసారి వేరే కంపెనీవాళ్లు మా పోర్టల్ కొందామని చూడటానికి వచ్చారు. పెద్దలంతా కూర్చున్నారు. అందిందా గారు ఎంత బాగా చెప్పారనుకున్నారు. ఎవరికి ఏ పేజీ కనిపించాలి, ఎవరికి కనిపించకూడదు, ఒకే డ్రాయింగును నలుగురూ ఒకేసారి దిద్దితే ఏం జరుగుతుంది, అన్నీ పూసగుచ్చినట్టు వివరించారు. చివర్న, "ఇప్పుడు చూడండి, స్టోర్సుకి ఒక మెసేజ్ పంపుతున్నాను," అని మీట నొక్కారు. వచ్చినవాళ్లు తల ఊపారు. ఆయన లేచి గొడుగు తీసుకున్నారు.

"ఎక్కడికండీ?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన.

"ఇప్పుడే వస్తాను. అందిందో లేదో అడిగి."

వాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. మా పాత జీఎం మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

వానైనా ఎండైనా ఆయన రోజూ తప్పకుండా వెళ్లేది ఆ స్టోర్సుకే. అక్కడ మా స్టోర్సు అక్క ఉండేది. మనిషి నెమ్మది, మాట పొదుపు. నట్లూ బోల్టులూ వాషర్ల మధ్య ఒక్కతే కూర్చుని పనిచేసుకునేది. ఆయన వెళ్లి గుమ్మంలో నిలబడి "అందిందా అమ్మా?" అనేవారు. "అందింది అన్నయ్యా," అనేది. ఆయన ఇంకేదో చెప్పబోయినట్టు కాసేపు అక్కడే నిలబడి నీళ్లు నమిలి, చివరికి "సరే అయితే," అని వచ్చేసేవారు. నేను ఎన్నోసార్లు చూశాను. ఏం చెప్పాలనుకుని ఆగిపోతున్నారో నాకు అంతుపట్టేది కాదు.

ఇంట్లోనూ ఇంతేనా అని ఒకసారి ఆయన భార్యను అడిగాను. "మా ఇంట్లో మెసేజ్‌కంటే ముందు మనిషే వచ్చేస్తారమ్మా," అని నవ్వింది ఆవిడ. నవ్వు ఆగాక, "ఇదివరకు ఇలా ఉండేవారు కాదు. కుర్చీకి అతుక్కుపోయే మనిషి. మంచినీళ్లు కూడా కూర్చున్నచోటికే రావాలి," అంది. ఎప్పట్నుంచి మారారని అడిగితే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలా నవ్వుకుంటూ ఉండగా కొత్త జీఎం వచ్చాడు. చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు, తొందర మనిషి. పాత పోర్టల్‌ను బాగుచేసి అందులో ఒక కొత్త సదుపాయం పెట్టాలన్నాడు. ఎవరికైనా మెసేజ్ వస్తే, చుక్క ఆకుపచ్చగా ఉంటే చాలు, వాళ్లు ముట్టుకోకుండానే పోర్టల్ తనంతట తనే "అందింది, ధన్యవాదాలు" అని జవాబిచ్చేస్తుంది. అందరం బాగుందన్నాం. రోజుకు అన్నిసార్లు ఆ రెండు మాటలూ కొట్టే బాధ తప్పుతుంది కదా.

"అది వద్దు సర్," అన్నారు అందిందా గారు.

అన్ని విభాగాల పెద్దలూ ఉన్న మీటింగు. స్టోర్సు తరఫున అక్క కూడా ఉంది.

"ఎందుకు వద్దు?" అన్నాడు జీఎం.

"వద్దు సర్."

"మీకు చేతకాదా?"

"చేతవును సర్. ఒక పూట పని."

"మరి? ఒక్క కారణం చెప్పండి. చాలు."

ఆయన నోరు తెరిచారు. ఆయన చూపు బల్ల చివర కూర్చున్న అక్క మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. మొహం పాలిపోయింది. చివరికి, "ఇప్పుడైతే వెళ్లి అడిగొస్తున్నాను కదా సర్. అది పెడితే నాకు నడక తగ్గిపోతుంది. డాక్టరు నడవమన్నాడు," అన్నారు.

గది గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. జీఎం నవ్వలేదు. సాయంత్రంలోగా ఆ మార్పుకు సంతకం పెట్టాలనీ, లేకపోతే ఆయన్ని పోర్టల్ పని నుంచి తప్పించి ఇంటికి పంపేస్తాననీ, ఆ పని నేను చూసుకోవాలనీ తేల్చి చెప్పేశాడు. ఆ పోర్టల్ లేకపోతే ఆ మనిషి ఏమైపోతారో మాకందరికీ తెలుసు.

మీటింగు అయ్యాక ఆయన తిన్నగా స్టోర్సు వైపు నడిచారు. ఆ మొహం చూసి ఒంటరిగా వదల్లేక నేనూ వెంట వెళ్లాను. అక్క అప్పటికే వచ్చి తన కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన ఎప్పటిలాగే గుమ్మంలో ఆగారు. ఈసారి "అందిందా" అనలేదు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను."

"లోపలికి రండి అన్నయ్యా."

ఆయన లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకునే చెప్పారు. అంతకుముందు అదే కుర్చీలో అక్క వాళ్ల అన్న పనిచేసేవాడు. ఈయనకు ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ రోజూ కలిసే భోంచేసేవారు. ఇప్పుడు జీఎం అడుగుతున్న సదుపాయం అప్పట్లోనే ఈయన కట్టి, మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా పరీక్షకని ముందు ఒక్క స్టోర్సుకే పెట్టారు. ఒక రోజు పొద్దున్నే ఆ స్నేహితుడికి కుర్చీలోనే గుండె ఆగింది. చెయ్యి కీబోర్డు మీద పడింది. మీటలు నొక్కుకునే ఉన్నాయి కాబట్టి చుక్క ఆకుపచ్చగానే వెలుగుతూ ఉంది. ఎవరేం పంపినా "అందింది, ధన్యవాదాలు" అని జవాబు వెళ్తూనే ఉంది. సాయంత్రం షెడ్డుకు తాళం వేయడానికి వాచ్‌మన్ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

"నేనూ పంపానమ్మా, భోజనానికి వస్తున్నావా అని. అందింది, ధన్యవాదాలు అని వచ్చింది. పనిలో ఉన్నాడనుకుని నా మానాన నేను తిన్నాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడు నాకు జన్మలో ధన్యవాదాలు చెప్పిన మనిషి కాదు. వస్తున్నా ఉండరా వెధవా, అనేవాడు. ఆ మాట చూడగానే నాకు అనుమానం రావద్దూ? లేచి నాలుగడుగులు వేస్తే ఏం పోయేది నాకు?"

నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆఫీసంతా ఏళ్ల తరబడి నవ్విన నవ్వులన్నీ నా చెవుల్లో మోగాయి. టేబుల్ కింద దూరిన ఎకౌంట్సాయన్ని ఆయన ఎందుకంత ఆదుర్దాగా వంగి చూశారో అప్పుడు తెలిసింది. నా తలనొప్పి ఎలా కనిపెట్టారో కూడా తెలిసింది. మెసేజ్ అందిందా అని అడగడానికి కాదు ఆయన వచ్చేది. ఊపిరి తీసుకుంటున్నామో లేదో చూసుకోవడానికి.

అక్క మాత్రం ఏడవలేదు. లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది.

"నాకు తెలుసు అన్నయ్యా," అంది.

"ఏం తెలుసు?"

"అంతా. నేను ఉద్యోగంలో చేరిన వారమే వాచ్‌మన్ చెప్పాడు. ఆ సదుపాయం మీరే కట్టారని, ఆ మర్నాడే మీరే పీకేశారని కూడా."

ఆయన గ్లాసు పక్కన పెట్టేశారు.

"మరి ఇన్నేళ్లూ నన్ను ఒక్క మాటైనా అనలేదేమ్మా?"

"మొదట్లో కోపం ఉండేది. ఈ మనిషి మొహం చూడకూడదనుకున్నాను. మీరేమో రోజూ వచ్చి నిలబడేవారు. చూసి చూసి కోపం పోయింది." అక్క గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది. "ఆ తర్వాతైనా చెబుదామనే అనుకున్నాను. చెబితే మీ మనసు తేలికపడి, రావడం మానేస్తారేమోనని భయమేసింది. ఈ షెడ్డుకి మీరు తప్ప వచ్చేవాళ్లెవరు అన్నయ్యా?"

ఆయన ఏడుస్తూనే నవ్వారు. నవ్వుతూనే మళ్లీ ఏడ్చారు. "స్వార్థపరురాలివి," అన్నారు. "మీ చెల్లెల్నే కదా," అంది అక్క.

తర్వాత ఆయన తనే జీఎం గదిలోకి వెళ్లి ఇదంతా చెప్పారు. నేను బయట నిలబడ్డాను. జీఎం ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, ఆ సదుపాయం అక్కర్లేదని నాతో చెప్పాడు. మిగతా పని ఎప్పటిలాగే ఆయనే చూసుకుంటారన్నాడు. తన చొక్కా కాలరు సర్దుకుంటూ, "డాక్టరు నడవమన్నాడంటే నడవాల్సిందే," అని కూడా అన్నాడు.

మర్నాడు నాకు పని మీద మనసు నిలవలేదు. ఆయన స్టోర్సుకు వెళ్తారా, మానేస్తారా అన్నదే నా బెంగ. మనసులో ఉన్నది చెప్పేశారు కదా, ఇక వెళ్లాల్సిన అవసరం ఏముంది? ఆ రోజు పొద్దుట్నుంచీ ఆయన స్టోర్సుకు ఒక్క మెసేజ్ కూడా పంపలేదు. అక్క కూడా అదే చూస్తూ కూర్చుందేమో, నాకు ఫోన్ చేసి మరలు తక్కువ వచ్చాయని ఏదో వంక పెట్టి రమ్మంది. వెళ్లాను. మరలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ ఇద్దరం గుమ్మం వైపే చూస్తున్నాం.

భోజనం వేళకు ఆయన వచ్చారు. చేతిలో క్యారేజీ ఉంది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వచ్చి, ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు.

అక్క తెర వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "నాకేం అందలేదే అన్నయ్యా."

"నేనేం పంపలేదు," అన్నారు ఆయన క్యారేజీ మూత తీస్తూ. "ఊరికే వచ్చాను. కూర్చో, తిందాం."