గరిటెతో తీసిన సముద్రం

చోడవరం చుట్టూ ఎటు చూసినా చెరకు, వరి, మళ్లీ చెరకు. అలాంటి ఊళ్లో కూర్చుని నేను సముద్రం బొమ్మలు వేస్తాను. అందులో మోకాలి లోతు మించి ఎప్పుడూ దిగింది లేదు. పేరు గోవిందరావు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగు మేస్టారిగా చేశాను. నా శిష్యుల్లో ఒక్కడూ ఆర్టిస్టు కాలేదు కాబట్టి, నా వల్ల లోకానికి పెద్ద హాని జరగలేదనే చెప్పుకోవాలి.

నేను చేసేది మోనోటైప్. కిటికీకి వేసే అద్దం మీద నల్ల సిరా పూసి, గుడ్డతో తుడుస్తూ బొమ్మ తీసి, పైన కాయితం పరిచి రుద్దాలి. ఒక్క అచ్చే దిగుతుంది. రుద్దే మిషను కొనే స్తోమత లేక మొదట్లో పాత చెరకురసం మిషనులో పెట్టి తిప్పాను. అద్దం ముక్కలైంది. అప్పట్నుంచీ మా ఆవిడ తాయారు పప్పుగరిటే నా ప్రెస్సు.

"ఏటండీ, పప్పు సిరా కంపు కొడతంది" అని ఆవిడ రోజూ నా కళను మెచ్చుకుంటుంది.

మా వీధిలో ఎండుచేపలు అమ్మే అచ్చియ్యమ్మ ఒకరోజు నా గోడమీది బొమ్మలు చూసి గంప దించింది. సముద్రపొడ్డున ఉన్న ఆమె ఇల్లు తుపానుకి పోయి పదేళ్లయింది. మొగుడూ ఆ మరుసటేడే పోయాడు. ఆ ఇంటిది ఒక్క ఫోటో కూడా లేదు.

"మనిల్లు ఎలాగుండేదే అని మా మనవరాలు ప్రవల్లిక అడుగుతంది మేస్టారూ. నాను సెప్తాను, మీరు గీసియ్యండి. ఒక్కోటీ మర్సిపోతన్నాను. బయమేస్తంది."

నన్ను బొమ్మ అడిగిన మొదటి మనిషి ఆమే. ఉబ్బిపోయాను. ఆమె చెప్పిన ప్రకారం, నీళ్లలో నిలబడి ఒడ్డుకేసి చూస్తే కుడిపక్క కొండ, ఎడంపక్క ఇల్లు, మధ్యలో తాడిచెట్టు. మూడు రోజులు తంటాలు పడి అచ్చు తీసి, ఆమె చేతికిచ్చి, పొగడ్త కోసం నిలబడ్డాను.

చాలాసేపు చూసింది. "కొండ ఇటొచ్చీసిందేటి?" అంది. "నాకే మతి పోనాదా మేస్టారూ? కుడిపక్కే కదా?"

అద్దం మీద గీసింది కాయితం మీద తిరగబడుతుంది. పిల్లలకు పాఠం చెప్పినవాడినే, ఆ సంగతి మరిచాను. నా సముద్రాలన్నీ ఇన్నేళ్లూ తిరగబడే ఉన్నాయి. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. శ్రద్ధగా చూసిన ఒక్క మనిషికీ తన జ్ఞాపకం మీదే అనుమానం తెప్పించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాది, నీది కాదమ్మా. రేపు రా" అన్నాను.

మర్నాడు అద్దాన్ని నిలబెట్టాను. సిరా వైపు నేను, అవతలి వైపు ఆమె. అటునుంచి చూస్తే, కాయితం మీద దిగబోయేట్టే బొమ్మ కనిపిస్తుంది. "కొండ పొట్టిగుండాల. తాడిసెట్టు ఇంకా వొంగాల" అని ఆమె చెబుతుంటే నేను తుడుస్తూ పోయాను. ఇంటికి గుమ్మం పెట్టాల్సి వచ్చేసరికి ఆగాను.

"గుమ్మం ఎక్కడ?"

ఆమె కళ్లు మూసుకుంది. తెరిచి, అద్దం మీదుగా చెయ్యి ఇటు చాపి, బొటనవేలు సిరాలో నొక్కింది. "ఇక్కడ. వల బాగుసేసుకుంటా ఆయన ఇక్కడే కూకునీవోడు."

గరిటెతో రుద్ది కాయితం ఎత్తాను. కొండ కుడిపక్కనే ఉంది. నల్లటి ఇంటికి తెల్లటి గుమ్మం, అందులో ఆమె వేలిగీతలు. అచ్చియ్యమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను గానీ, కంట్లో సిరా పడిందని తాయారుకి చెప్పాను.

బొమ్మను గంపలో పెట్టుకుంటూ అచ్చియ్యమ్మ, "సంతకం ఎట్టరేటి మేస్టారూ?" అంది.

"నువ్వు పెట్టేసేవు కదమ్మా" అన్నాను.