ఫణిభూషణ్ పదమూడు గీతలు

ఫణిభూషణ్‌కి ఏ పనైనా ఆపడం చేతకాదు. తన పెళ్ళిలో ఏడడుగులూ నడిచాక "ఇంకొక్కటి వేద్దామా?" అని అడిగాడట. పురోహితుడు ససేమిరా అన్నాడు గనక ఆ పెళ్ళి పూర్తయింది.

కండ్లకోయలో కాలేజీ పాఠాలు చెప్పే ఇంతటివాణ్ణి ఏరి కోరి శామీర్‌పేట రాతి చర్చికి పిలిపించారు. నూటయాభై ఏళ్ల గోడ వేలు పట్టేంత పగిలింది. ఆయన తవ్వకుండానే నేల లోపలి సంగతి చెబుతాడు. వరసగా ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపుతాడు. తడి ఉన్నచోట అది సులువుగా పారుతుంది. ఆ వరసకి ఆయన పెట్టుకున్న పేరు గీత.

గోడ వెనక గదిలో ఉంటూ చర్చి ఊడ్చే ఎలీషమ్మ మీద మాత్రం ఏ మిషనూ లేకుండానే తీర్పు వచ్చేసింది. చర్చి సెక్రటరీ ఫిలిప్‌గారు అంత తెలివైనవారు మరి.

"నీ బట్టలుతికిన నీళ్లే పునాదిల దిగినయ్. సర్వే కాంగనే రూం ఖాళీ జెయ్యి."

"ఇరవై ఏండ్ల సంది ఉతుకుతున్న సారూ. గోడకు గిప్పుడు యాదికొచ్చిందా?"

ఒప్పందం నాలుగు గీతలకి. నాలుగోది ఎలీషమ్మ గుమ్మం ముందు నుంచే పోయింది. కంప్యూటర్ తెర మీద నీలం కనబడింది. నీలమంటే తడి. ఫిలిప్‌గారి మొహం వెలిగిపోయింది.

"అయిపాయె గదా, రాసియ్యిండ్రి."

"ఇంకొక్క గీతండీ."

ఆ ఒక్కటీ రెండు రోజుల్లో తొమ్మిదైంది. ఎలీషమ్మ పొయ్యి పక్కనొక కడ్డీ, బట్టలుతికే బండ పక్కనొక కడ్డీ.

"నన్ను ఎల్లగొట్టనీకి గిన్ని సలాకలా సారూ? నోటితోని జెప్తే పోనా?"

"పక్కకి జరగమ్మా, తీగ తొక్కుతావు," అన్నాడాయన. ఓదార్చడంలో అంతటి నేర్పరి.

పదమూడో గీత ఫౌంటెన్ దగ్గర తేలింది. నిరుడు ఫిలిప్‌గారు తన పేరు పాలరాతి మీద చెక్కించి మరీ కట్టించిన ఫౌంటెన్ అది. తెరంతా ముదురు నీలం.

"తడి ఇక్కణ్ణుంచే బయల్దేరిందండీ. గది వైపు వెళ్లేకొద్దీ పల్చబడింది. మీ తొట్టి అడుగున కారుతోంది. నీళ్లాపితే గోడ నిలబడుతుంది."

పేరున్న రాయి నుంచి మాత్రం చుక్క కారలేదు.

"నాలుగు గీతలే అనుకున్నం గదా!" అన్నారు ఫిలిప్‌గారు.

"నాలుగుతో ఆపితే ఈవిడ గది పోయేదండీ." తల ఎత్తకుండా తీగ చుట్టుకుంటున్నాడు ఫణిభూషణ్.

రెండు రోజులుగా ఆయన్ని తిట్టిపోసిన ఎలీషమ్మ ఈసారి తీగ తొక్కకుండా పక్కకి జరిగింది. ఫిలిప్‌గారు ఫౌంటెన్ చుట్టూ తిరుగుతూ వాల్వు వెతుకుతుంటే చూసి, చెంగు నడుముకి దోపింది.

"జరుగుండ్రి సారూ. గోడ పగలగొట్టిన నీళ్లు నాయే అన్నరు గద, నేనే బంద్ జేస్త."